పదిహేడో నంబరు కల్వర్టులో గండుచీమ

గాలిపేట ఘాటురోడ్డు కింద నలభై ఒక్క కల్వర్టులున్నాయి. కొండ మీద పడ్డ వాన రోడ్డును కోసుకుపోకుండా వాటిలోంచి అవతలికి పోవాలని కట్టినవాళ్ల ఉద్దేశం. అవి పూడిపోయాయో లేదో ఏటా వానలకు ముందు చూడటానికి ఘాటురోడ్ల జలనిర్గమ పర్యవేక్షణ మండలి అని ఒక కార్యాలయం ఉంది. ఆ పేరు పూర్తిగా పలికేలోపు వాన వెలిసిపోతుంది కాబట్టి ఊళ్లోవాళ్లు దాన్ని తూముల ఆఫీసు అంటారు.

పూర్వం ఆఫీసు మనిషే టార్చిలైటు పట్టుకుని కల్వర్టులోకి పాక్కుంటూ వెళ్లి చూసొచ్చేవాడు. ఒక ఏడు అలా వెళ్లిన మనిషికి లోపల కొండచిలువ ఎదురొచ్చింది. ఇద్దరూ చెరో వైపు నుంచి క్షేమంగా బయటపడ్డారు గానీ, ఆ తర్వాత ఊరికే చూడ్డానికి లోపలికి పోయే ప్రసక్తే లేదని సిబ్బంది అంతా భీష్మించుకు కూర్చున్నారు. అప్పుడు మెకానిక్కు గొంప సోమునాయుడు తన సరదా కోసం కట్టుకున్న రిమోటు బండిని ఆఫీసుకి తెచ్చాడు. మూరెడు పొడుగు, లావుపాటి మెత్తని టైర్లు, ముందొక కెమెరా, ఒక లైటు. పరుగులు తీసే బండి కాదది. రాళ్ల మీద ఒక్కో చక్రమే ఎత్తి పెట్టుకుంటూ, నిమిషానికి నాలుగు బారలు పాకే బండి. నల్లగా, పట్టుదలగా ఉంటుందని దానికి గండుచీమ అని పేరు పెట్టాడు.

సోమునాయుడికి నలభై ఆరేళ్లు. అంత మాటకారి కాదు, భక్తుడూ కాదు, ఆయన పూజలన్నీ స్ప్రింగులకే. గండుచీమకి కుదుపులు ఆపే నాలుగు షాకుల మీదా ఉన్న నాలుగు స్ప్రింగుల్నీ ఎన్నుకోవడానికి ఆయనకి రెండేళ్లు పట్టింది. ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి, కళ్లు మూసుకుని ఆలోచించేవాడు. బండిని కింద పెడితే దాని బరువుకి అదే మూడోవంతు కుంగాలి. అప్పుడే రాయి తగిలిన చక్రం పైకి లేస్తుంది, గొయ్యి వచ్చిన చక్రం కిందికి జారి నేల వెతుక్కుంటుంది. ఎత్తెక్కేటప్పుడు బరువంతా వెనక్కి పడుతుంది కనక వెనక స్ప్రింగులు ఒక పిసరు గట్టివి. మోటారు మెలి తిప్పినప్పుడు బండి ఒక పక్కకి ఒరుగుతుంది కనక ఆ మూల స్ప్రింగు మరో పిసరు గట్టిది. అలా కుదిరాక గండుచీమ ఎక్కలేని రాయి ఆ కొండలో లేకపోయింది.

తనిఖీ రిజిస్టరులో ఉన్నది ఒకే ఒక గడి. ‘వాహనము అవతలికి చేరినదా?’ దాని వెనక మండలి కరదీపికలోని మూల సూత్రం ఉంది. ‘వాహనము పోవు మార్గమున జలము పోవును.’ నాలుగేళ్లుగా నలభై ఒక్క కల్వర్టులకీ సోమునాయుడు ‘చేరినది’ అని రాస్తూ వచ్చాడు. రాసిన ప్రతిసారీ మీసం ఒకసారి తడుముకునేవాడు. లోపల రాళ్లున్నాయని పక్కన మార్జిన్లో కూడా రాసేవాడు. మార్జిన్ గడి కాదు కాబట్టి దాన్ని ఎవరూ చదవలేదు. ఇంకో గడి కలపమని హెడ్డాఫీసుకి పెట్టుకున్న అర్జీ నాలుగేళ్లుగా పరిశీలనలో ఉంది.

మిగతా నలభై సంగతి ఎలా ఉన్నా, పదిహేడో నంబరు ఆయన గుండెల మీద కుంపటి. సరిగ్గా దాని కింది మలుపులో ఆయన అప్ప వరహాలమ్మ టిఫిను హోటలుంది. అప్ప అంటే అక్క, అమ్మ పోయాక తనని పెంచిన మనిషి. కిందటేడు వానకి పదిహేడు కక్కిన నీళ్లు రోడ్డెక్కి, హోటల్లోకి దూకి, పొయ్యిలో మంట ఆర్పి పోయాయి. ఈ ఏడు లోపల రాళ్లు ఇంకా పెరిగాయి. వానలకి నెలన్నర కూడా లేదు.

“ఏరా తమ్ముడా, ఆ పదేడు సూసినావేటి?” అంది వరహాలమ్మ, ఆయన ముందు పెసరట్టు పెడుతూ.

“సూసినానప్పా. లోన సగానికి సగం రాళ్లే. మధ్యలో ఒకటుంది, గంగాళమంత. అయినా మన గండుచీమ ఎక్కీసినాది. పన్నెండు నిమసాల్లో అవతల తేలినాది, తెలుసునా?”

“నీ బండి ఎల్తే నాకేటొరిగింది? నీలు ఎల్లాల గానీ” అంది అప్ప.

సోమునాయుడు తలొంచుకుని తిన్నాడు. ఆ మాట ఆయనకి ఎక్కవలసినంత ఎక్కలేదు.

సరిగ్గా ఆ వారమే మండలికి కొత్త సంయుక్త సంచాలకులుగా చెరుకుమిల్లి అనంతశయనం గారు వచ్చారు. అంతకుముందు ఎక్కడో సమతుల పరిపాలన మీద మూడు రోజుల సదస్సు విని వచ్చారాయన. విన్నది ఇంకా చల్లారలేదు. వచ్చీ రాగానే ఆఫీసు గోడల మీద పటాలన్నీ రసమట్టం పెట్టి సరిచేయించారు. తర్వాత మండలి ఆస్తులు చూస్తానన్నారు. సోమునాయుడు ఉత్సాహంగా ఆవరణలో రాళ్లు పేర్చి గండుచీమని ఎక్కించాడు.

బండి రాయెక్కింది. ముందు ఎడమ చక్రం కెమెరా ఎత్తుకి లేచింది. వెనక కుడి చక్రం గోతిలోకి వేలాడింది. ఒళ్లంతా ఒక పక్కకి వాలింది. సోమునాయుడికి అది నాట్యం. అనంతశయనం గారు మాత్రం చూడకూడనిది చూసినట్టు కళ్లజోడు తీసేశారు.

“ఏమిటీ భంగిమ?”

“స్ప్రింగులు మెత్తవండి. కుంగి, రాయికి సర్దుకుంటాదండి.”

“సర్దుకోవడమా! ప్రభుత్వ వాహనం రాయికి సర్దుకోవడమా! నాలుగు స్ప్రింగులూ ఒకటేనా?”

“కాదండి. ఎనకవి ఒక పిసరు గట్టివండి. ఈ మూలది ఇంకో పిసరు...”

“చక్రాల మధ్య వివక్ష!” అని ఆయన పక్కనున్న హెడ్ క్లర్కు కామరాజు గారి వైపు తిరిగారు. “కామరాజు గారూ, రాసుకోండి.”

కామరాజు గారు రాసుకున్నారు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన రాసుకోనిదంటూ లేదు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ‘మండలికి చెందిన ఏ వాహనమూ ఎట్టి పరిస్థితులలోను వంగరాదు, ఒరగరాదు, కుంగరాదు. నాలుగు చక్రములును సర్వకాల సర్వావస్థలయందు సమాన ఎత్తున ఉండవలెను. తదర్థము స్ప్రింగుల ప్రమాణీకరణ సంఘము ఇందుమూలముగా ఏర్పాటు చేయడమైనది.’

సంఘం మర్నాడే కూర్చుంది. సంఘం అధ్యక్షులైన అనంతశయనం గారే పరీక్షా విధానం స్వయంగా రూపొందించారు. అద్దం పరిచిన ఆఫీసు బల్ల మీద బండిని పెట్టాలి. దాని నెత్తిన అంచుదాకా నీళ్లు పోసిన గాజుగ్లాసు పెట్టాలి. అధ్యక్షుల వారు తమ బొటనవేలితో బండిని నొక్కుతారు. చుక్క తొణికితే ఆ స్ప్రింగు తప్పినట్టే.

సోమునాయుడి స్ప్రింగులు మొదటి నొక్కుకే తప్పాయి. అధ్యక్షుల వారి చొక్కా తడిసింది. బజారులో దొరికిన గట్టి స్ప్రింగులు తెచ్చారు, తప్పాయి. స్కూటరు సీటు కిందివి తెచ్చి కోసి వేశారు, అవీ ఒక వెంట్రుకవాసి కుంగాయి. “లొంగుతోంది, ఇంకా లొంగుతోంది” అంటూ ఆయన బొటనవేలు ఊపారు. “ఒత్తిడికి లొంగేది ప్రభుత్వ స్ప్రింగు ఎలా అవుతుందండీ?”

పదకొండో ప్రయత్నంలో విసుగెత్తిన సోమునాయుడు వెటకారానికి నాలుగు ఇనుప చువ్వ ముక్కలు కోసి స్ప్రింగుల స్థానంలో బిగించి తెచ్చాడు. అధ్యక్షుల వారు బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కారు. నీళ్లు కదల్లేదు.

“ఇదీ స్ప్రింగంటే!” అన్నారాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి, వేలి నొప్పి వల్లనో ఆనందం వల్లనో.

“అది స్ప్రింగు కాదండి, చువ్వండి” అన్నాడు సోమునాయుడు, కంగారుగా.

“కుంగుట అనే దోషాన్ని పూర్తిగా జయించిన స్ప్రింగు” అని అనంతశయనం గారు సవరించారు. కామరాజు గారు అలాగే రాసుకున్నారు.

ఒక సూత్రం దొరికాక దాన్ని ఒక బండితో ఆపడం ఎవరి తరం? వారం తిరక్కుండా ఆఫీసు కుర్చీల్లో స్ప్రింగులు పోయి చువ్వలొచ్చాయి. గుమాస్తాలు వెనక్కి వాలితే వాలినట్టే ఉండిపోయారు. తలుపులు వాటంతట అవే మూసుకునేలా చేసే స్ప్రింగులు తీసేయడంతో తెరిచిన తలుపు తెరిచినట్టే ఉంది, ఆవులు వచ్చి ఫైళ్లు చూసి పోయాయి. నొక్కితే ములుకు బయటికొచ్చే పెన్నుల్లోనూ లొంగుబాటు ఉందని కనిపెట్టి వాటినీ స్వాధీనం చేసుకున్నారు. కామరాజు గారు ఇంట్లోంచి ఇంకు బుడ్డీ తెచ్చుకున్నారు. ఎవరూ కిక్కురుమనలేదు, ఎందుకంటే ఉత్తర్వుకి నంబరుంది.

సోమునాయుడికి మాత్రం పది రోజులుగా అన్నం సహించడం లేదు. చువ్వలేసిన గండుచీమని బల్ల మీద చూస్తుంటే, తెలిసిన మనిషికి కట్టు కట్టి పడుకోబెట్టినట్టు ఉంది. పైగా ఆకాశం నైరుతి మూల నల్లబడుతోంది. చువ్వల మీద బండి పదిహేడులో నాలుగడుగులు కూడా పోదు. పోకపోతే లోపలి సంగతి ఎవరికీ తెలీదు. తెలీకపోతే అప్ప హోటలు ఈసారి పొయ్యితో సహా లోయలో ఉంటుంది. ఇంత చిన్న లెక్క ఈ పెద్దమనిషికి ఎందుకు బోధపడదని ఆయన లోలోపల తిట్టని తిట్టు లేదు.

ప్రామాణిక స్ప్రింగుల ప్రథమ తనిఖీకి అనంతశయనం గారు పదిహేడో నంబరునే ఎంచుకున్నారు. హోటలు దగ్గరుంది, టిఫినుకి వీలని. పూలదండ వేసిన గండుచీమని కల్వర్టు నోట్లో పెట్టారు. సోమునాయుడు రిమోటు పట్టుకున్నాడు. బండి రెండు బారలు పోయింది. కొబ్బరికాయంత రాయి ఒకటి అడ్డొచ్చింది. ఒక చక్రం దాని మీద పడగానే మిగతా మూడూ గాల్లోకి లేచాయి. నిటారుగా, ఏ మాత్రం వంగకుండా, కరెంటు స్తంభం కూలినట్టు బండి పక్కకి పడిపోయింది.

కామరాజు గారు ఇంకు బుడ్డీలో కలం ముంచి పట్టుకుని నిలబడ్డారు.

“సార్, గడిలో ‘చేరలేదు’ అని రాయవలసి వస్తోందండి. మండలి చరిత్రలో ఇదే మొదటిసారి.”

“రాస్తే ఏమవుతుంది?” అన్నారు అనంతశయనం గారు, అనుమానంగా.

కామరాజు గారు కరదీపిక తీసి పేజీలు తిప్పారు. ఒక చోట రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో విడదీసి చదివారు. “‘వాహనము అవతలికి చేరనిచో, మార్గమందలి సమస్త అవరోధములను ఇరవై నాలుగు గంటలలోగా తొలగింపవలెను. తప్పినచో బాధ్యత సంచాలకులదే.’”

“మరేం! ప్రమాణాలకు లోబడ్డ వాహనాన్ని ఆపిన రాయి ప్రమాణాలకు లోబడని రాయే కదా” అన్నారు అనంతశయనం గారు. ఆయన ముఖం తేటపడింది. “ఒక్కటి మిగలకూడదు. పిలవండి మనుషుల్ని!”

ఆ సాయంత్రమే గునపాలూ, తట్టలూ, డప్పులూ పట్టుకుని పనివాళ్లు దిగారు. కొండచిలువ ఉంటే లేచి పోతుందని ముందు డప్పు కొట్టారు. తర్వాత రాళ్లు బయటికి రావడం మొదలైంది. తట్టల మీద తట్టలు. మధ్యలో గంగాళమంత రాయి, దానికి తాడు కట్టి పన్నెండుగురు లాగారు. వెనకాలే మురిగిన కొమ్మలు, ఒక ఎడ్లబండి చక్రం, ‘కొండరాళ్లు పడును, జాగ్రత్త’ అని మండలివారే పెట్టిన బోర్డు. మర్నాటికి కల్వర్టు ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర ఆకాశం కనిపించింది.

సోమునాయుడు రాళ్లగుట్ట పక్కన చతికిలపడ్డాడు. నాలుగేళ్లు. ఆ నియమం నాలుగేళ్లుగా ఆ కరదీపికలోనే ఉంది. ‘చేరలేదు’ అన్న ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. ఆ మాట రాయనివ్వంది ఎవరు? ఆఫీసు కాదు, సంచాలకులు కాదు. కళ్లు మూసుకుని రెండేళ్లు వేళ్ల మధ్య నొక్కి ఎంచిన ఆ మెత్తని స్ప్రింగులు. బండి ఎంత బాగా పాకితే లోపల రాళ్లు అంత భద్రంగా ఉన్నాయి. కిందటేడు అప్ప పొయ్యి ఆర్పింది తన పనితనమే. సిగ్గుతో ఆయనకి చెవులు వేడెక్కాయి. అప్ప ఆ రోజే చెప్పింది, పెసరట్టు పెడుతూ చెప్పింది. నీళ్లకి స్ప్రింగులుండవని ఇన్నేళ్ల మెకానిక్కుకి తట్టలేదు.

తర్వాత మూడు వారాల్లో చువ్వల గండుచీమ మిగతా నలభై కల్వర్టుల్లోనూ బోర్లాపడింది. నలభై సార్లు గడిలో ‘చేరలేదు’ పడింది. నలభై ఒక్క కల్వర్టులూ అద్దాల్లా తయారయ్యాయి. ఖాళీ అయిన దారిలో బండిని మళ్లీ తోలితే నెత్తి మీద గ్లాసులో నీళ్లు తొణక్కుండా అవతలికి చేరింది. “చూశారా, దారిలో ఒక్క రాయి అయినా ఉందా? అంతా స్ప్రింగుల మహిమ” అన్నారు అనంతశయనం గారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది సోమునాయుడు.

వానలు దంచి కొట్టాయి. కొండంతా గోధుమరంగు నీళ్లు దూకాయి. సోమునాయుడు గొడుగేసుకుని పదిహేడు దగ్గరే నిలబడ్డాడు. నీళ్లు ఈ నోట్లో దూరి ఆ నోట్లోంచి లోయలోకి పోతుంటే, చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. కింద హోటల్లోంచి పొగ లేస్తోంది.

“పెసరట్టు తింతావేటి?” అని అరిచింది అప్ప. ఆ ఏడు ఆయన మళ్లీ అన్నం తినడం మొదలెట్టింది ఆ పూటే.

అనంతశయనం గారికి ప్రశంసాపత్రం, ఇంకా పెద్ద ఆఫీసూ వచ్చాయి. మరుసటి వేసవికి ఆయన స్థానంలో తోలేటి శశిరేఖ గారు వచ్చారు. తెలివైన మనిషి, వచ్చిన రోజునే కుర్చీల్లో స్ప్రింగులు వేయించి సిబ్బంది నడుములు నిలబెట్టారు. తర్వాత గండుచీమని తెప్పించుకుని తిరగేసి చూసి నిర్ఘాంతపోయారు.

“ఇనుప చువ్వలా? ఇంత మంచి బండికి ఇదేం అన్యాయమండీ! దీనికి మెత్తని స్ప్రింగులుండాలి. బరువుకి కాస్త కుంగాలి, చక్రాలు కిందికి జారాలి. వెనకవి కొంచెం గట్టిగా ఉండాలి. అవునా?”

సోమునాయుడికి ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తన స్ప్రింగుల గురించి ఒక ముక్క తెలిసిన ఆఫీసరు దొరకడం అదే మొదలు. లేచి ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

“అవునండి. ఒక మూల ఇంకో పిసరు గట్టిదండి” అన్నాడు, నీళ్లు నములుతూ.

“అంతే మరి! కిందటేడు నలభై ఒకటీ ‘చేరలేదు’ట. ఎంత అప్రతిష్ఠ! పాపం ఆ పనివాళ్లని కూడా ఊరికే రాళ్లెత్తించారు. మీ స్ప్రింగులు మీరు వేసేయండి. ఈసారి అన్నీ ‘చేరినది’ అని పంపిద్దాం.”

“అమ్మా, బండి ఎల్లినంత మాత్రాన నీళ్లు ఎల్లవండి. ఇంకో గడి పెట్టించండమ్మా, ‘రాళ్లున్నాయా’ అని.”

“గడి నా చేతిలో లేదండీ, అది హెడ్డాఫీసుది” అన్నారావిడ నొచ్చుకుంటూ. “మీ అర్జీ కూడా చూశాను. ఇంకా పరిశీలనలోనే ఉంది. స్ప్రింగులైతే నా చేతిలో ఉన్నాయి.”

మర్నాడు పదిహేడో నంబరు దగ్గర అందరూ చేరారు. కిందటేటి వానలకి కొండ మళ్లీ రాళ్లు దించింది, లోపల మోకాలెత్తున పేరుకున్నాయి. సోమునాయుడు నాలుగు స్ప్రింగుల్నీ తన చేత్తోనే బిగించాడు. శశిరేఖ గారు బండి నెత్తిన అరచెయ్యి పెట్టి నొక్కారు. అది మెత్తగా కుంగి, మెత్తగా లేచింది. “అబ్బ!” అన్నారావిడ. ఆ ఒక్క మాటకి ఆయన ఒళ్లు పులకరించింది.

గండుచీమ లోపలికి పోయింది. మొదటి రాయి ఎక్కింది, దిగింది. రెండోది ఎక్కింది. కెమెరా తెరలో చక్రాలు లేస్తూ దిగుతూ ఉంటే శశిరేఖ గారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మూడో రాయి కొంచెం వాలుగా ఉంది. ఎడమకి తిప్పితే సునాయాసంగా ఎక్కుతుంది, అది సోమునాయుడికి కళ్లు మూసుకున్నా తెలుసు. కింది మలుపులోంచి అప్ప పోపు వాసన వస్తోంది.

ఆయన రిమోటు మీద వేలిని కుడివైపుకి లాగాడు.

బండి రాయి అంచు దాకా పాకింది. ఆ స్ప్రింగులు ఎంత మంచివంటే, అంత తప్పుదారిలో కూడా దాన్ని పట్టి నిలబెట్టబోయాయి. ఆయన ఇంకోసారి కుడికి లాగి, వేగం మీటని పూర్తిగా నొక్కాడు. గండుచీమ వెల్లకిలా పడింది. తెరలో కల్వర్టు కప్పు కనిపించింది.

శశిరేఖ గారు ఆయన వైపు జాలిగా చూశారు.

“మీరు తోలితే ఎక్కని రాయి లేదని అందరూ తెగ చెప్పారండీ నాకు.”

“ఊరికే అంతారండి” అన్నాడు సోమునాయుడు.

ఆవిడ నిట్టూర్చి, గడిలో ‘చేరలేదు’ అని రాసి సంతకం పెట్టారు. కామరాజు గారు పనివాళ్లకి కబురంపడానికి ఫోను తీశారు.